యాంప్లిఫయర్‌కు పెట్టిన పసుపు

మిత్రులారా, నా చేతిరాత బాగుండదు, అక్షర దోషాలూ ఉంటాయి, ఏమనుకోకండి. కాగితం మీద రాసి ఫొటో పెడుతున్నాను.

ఇవాళ ఆర్మూరు యార్డులో పసుపు కుప్పల పక్కన నడుస్తుంటే మా అన్న యాంప్లిఫయర్ గుర్తొచ్చింది. వాల్వులు ఎర్రగా వెలిగే ఆ పాత పెట్టెలు మీకూ గుర్తుండే ఉంటాయి. అన్న ఫంక్షన్లలో గిటార్ వాయించేవాడు.

ఒకసారి దసరా మర్నాడు బాల్కొండలో ప్రోగ్రాం. బయలుదేరేముందు ఆన్ చేస్తే ఒకటే గరగర. మారుమోత పెంచే రివర్బ్ మీట తగ్గిస్తే ఆగింది, పెంచితే మళ్లీ వచ్చింది. వాల్వు మార్చినా పోలేదు. చివరికి, పాటను మారుమోగించే స్ప్రింగుల డబ్బా వైరు పీకి చూశాం. పెట్టె వెనకున్న ఆ సాకెట్ నిండా తడి పసుపు. ఆయుధపూజలో వదిన పూసింది.

కొత్తగా కాపురానికి వచ్చిన వదిన గడపలో నిలబడి ఉంది. "నాతోనే ఖరాబైందా? ప్రోగ్రాం పోతదా?"

"నీతోని ఏం కాలే. వైరు లూజైంది, గంతే," అన్నాడు అన్న. నేను నోరు తెరవబోతే కాలు తొక్కాడు.

తుడిచి ఎండలో ఆరబెడితే గరగర పోయింది. ప్రోగ్రాం బాగా జరిగింది.

మరుసటి దసరాకు వదిన పసుపు గిన్నెతో యాంప్లిఫయర్ వెనక్కి వెళుతుంటే అన్న ఆపాడు. "ఈసారి ముంగట పెట్టు. జనాలకు కనబడాలె."

"మస్తు షోకు నీకు," అని వదిన నవ్వుతూ ముందువైపు చెక్కకు నిండుగా బొట్టు పెట్టింది.

మీ ఇళ్లలో ఆయుధపూజకు ఏమేం పెట్టేవారు? జర తొందరగా రాయండి, చూస్తుంటాను.