మూడోసారి ఆగిన మిక్సీ

కరెంటంటే వీరభద్రానికి భయం లేదు. అమెరికాలోని ఎడిసన్‌లో అతను అద్దెకున్న ఇంటి గరాజ్‌లో, పాత డైనింగ్ టేబుల్ నిండా తెలుగువాళ్ల మిక్సీలూ గ్రైండర్లూ విప్పి ఉంటాయి. వారమంతా ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేసులు చూసుకుంటాడు. శనివారం వస్తే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు.

ఆ పని అతనికెవరూ నేర్పలేదు. 2003లో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న రోజుల్లో, సూట్‌కేసులో మోసుకొచ్చిన ఇండియా మిక్సీని రూమ్మేటు చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి పొగ తెప్పించాడు. ఇక్కడి ప్లగ్గులో వచ్చే వోల్టేజి మన మిక్సీకి కావలసినదాంట్లో సగమే. దాన్ని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా మిక్సీ లాగేదానికి తగ్గట్టు ఉండాలి. అది తెలియక మనవాళ్లు ఎన్ని మోటార్లు కాల్చారో! అయినా ఇక్కడి బ్లెండర్‌లో గోంగూర పచ్చడి పచ్చడిలా రాదని మళ్లీ మోసుకొస్తూనే ఉంటారు. వీరభద్రం ఆ కాలిన మోటారు విప్పి చూశాడు, ఇంకో రెండు చెడగొట్టాడు, నాలుగోది బాగుచేశాడు.

అతని భయమంతా రాగిణి గురించే.

రాగిణిది హన్మకొండ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. మూడేళ్ల కిందట రిపేరుకని వచ్చి, అతను మోటారు విప్పుతుంటే టార్చి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతి శనివారమూ వచ్చింది. స్క్రూలు బిగించడం నేర్చుకుంది, టీ పెట్టింది, వేళాకోళమాడింది. స్నేహితులంటే స్నేహితులే. అంతకు మించి ఒక్క మాటన్నా ఆ కాస్తా పోతుందేమోనని అతను నోరు మెదపలేదు.

గురువారం ఆమె ఫోన్ చేసింది. దేశానికి అటు చివర రెడ్‌మండ్‌లో ఆఫర్ వచ్చిందట, సోమవారంలోగా చెప్పాలట. "ఏమంటవ్?" అని అడిగింది.

వెళ్లొద్దు అనాలనుకున్నాడు. "కంగ్రాట్స్, తీసుకో" అన్నాడు. ఆ తర్వాత రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు.

శనివారం పొద్దున్నే మిక్సీ చంకన పెట్టుకుని వచ్చింది.

"మళ్ల తిరుగుత లేదు, డాక్టర్ సాబ్."

"ఈ వేసవిలో ఇది మూడోసారి. ఏం రుబ్బుతున్నావ్, కంకరా?"

"మా మేనేజర్ బుర్ర. లోపలేం లేదు గానీ చప్పుడు బాగ చేస్తది."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అడుగు స్క్రూలు తీసి మోటారు బయటపెట్టాడు. ఒక పక్క మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్క ఉంది. రెండో పక్క లేదు. కార్బన్ అరిగితే కొస మిగలాలి, నల్లటి పొడి రాలాలి. అవేవీ లేవు. లోపలి స్ప్రింగు కూడా లేదు. పైన ఇత్తడి మూత మాత్రం మర చెడకుండా చక్కగా బిగించి ఉంది.

అతనికి పాత రిపేర్లు గుర్తొచ్చాయి. పోయిన నెల స్విచ్ దగ్గర వైరు ఊడింది, తెగలేదు. అంతకుముందు నెల అడుగునున్న ఎర్ర రీసెట్ బటన్ నొక్కితే సరిపోయింది; అది ఆమెకూ తెలుసు. అప్పుడెందుకు ఆలోచించలేదు తను?

తన కోసమే కావాలని చెడగొట్టి తెస్తోందా? అదే నిజమైతే భయం, కాకపోతే ఇంకా భయం. చేతి పక్కనే డబ్బాలో కొత్త కార్బన్లున్నాయి. ఒకటి వేసి మూత పెట్టేస్తే మాట్లాడే పనే ఉండదు. ఒకటి తీశాడు కూడా. కానీ జబ్బు కనబడ్డాక చెప్పకుండా మూత బిగించిన రోజు అతని పనిలో లేదు. కార్బన్ కింద పెట్టేశాడు.

"రాగిణీ, ఇది దానంతటది బయటికి రాదు."

ఆమె చేతిలో టార్చి వెలుగు కదిలింది. "రాదా?"

"ఎవరో తీశారు. తీసి, మర పాడవకుండా బిగించారు."

"అయితే మంచి పనోళ్లే."

"ఎందుకు తీశారు?"

"తెలివిగలోడివి గదా, నువ్వే చెప్పు." ఆమె టార్చి అతని మొహం మీదికి తిప్పింది. "గురువారం నాడు 'తీసుకో' అన్నవ్ గదా. ఎట్ల అన్నవ్?"

"భయపడ్డాను. వద్దంటే నవ్వుతావని. ఇక ఇటు రావని."

ఆమె నవ్వలేదు. "నేను నిన్ననే ఎస్ చెప్పేసిన భద్రం."

అతను స్టూలు అంచు పట్టుకున్నాడు.

"నేనొస్తే?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అక్కడ ఉద్యోగం వెతుక్కోవాలి. వీసా ట్రాన్స్‌ఫర్. గ్రీన్ కార్డ్ మళ్లీ మొదట్నుంచీ..."

"అంటే రానంటవా?"

"ఆరు నెలలు పడుతుందంటున్నాను."

"ఆగుత." టార్చి ఆర్పి, ఫోన్ తీసింది. "కానీ మా బాపుకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే నా జీవితంల ఒప్పుకోడు. నాకు ఆయనంటే చచ్చేంత భయం."

"మరి నాకో?"

"ఇద్దరికీ ఉంది గదా, సరిపాయె. రిటైర్డ్ హెడ్మాస్టర్. ఇప్పుడు అక్కడ సాయంత్రం, కాలు మీద కాలేసుకుని పేపర్ చదువుతుంటడు."

"ఇప్పుడేనా? రేపు..."

అప్పటికే స్పీకర్‌లో అవతలి ల్యాండ్‌లైన్ రింగవుతోంది. వీరభద్రం గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, బడిలో పేరు పిలిచినట్టు లేచి నిలబడ్డాడు.

"హలో, ఎవరూ?" అంది బొంగురు గొంతు.

"నమస్కారమండీ. నా పేరు వీరభద్రం." ఆ తర్వాతి మాటలన్నీ ఎటో పోయాయి. రాగిణి అతని మోచేయి గట్టిగా పట్టుకుంది.

"ఏం గావాలె బాబూ?" అన్నాడాయన.

"మీ అమ్మాయండీ" అన్నాడు వీరభద్రం.