లెక్కింపు కాకముందే కొట్టిన గంట

ఓట్ల లెక్కింపు రోజు నేను చేసిన ఘనకార్యం వింటే, రేపటి నుంచి నా పక్కన కూర్చొని టీ తాగడానికి గూడ మీరు ఒకసారి ఆలోచిస్తారు. నా పెండ్లాం ఎస్తేరు ముందర ఆ మాట ఎత్తితే చాలు, గ్లాసు నా ముందు పెట్టేసి లోపలికి పోతాది.

నేను వడమాలపేటలో టైలరింగ్ చేస్తానని మీకు తెలుసు గదా. మా పల్లెలో చిన్న చర్చి ఉండాది. దానికి సెక్రటరీని నేనే. సెక్రటరీ అంటే పెద్ద పదవేం కాదబ్బా, తాళాలు నా దగ్గరుంటాయి, అంతే.

మావాళ్లకు సమాధుల స్థలం లేదు. ఎవరు పోయినా వంక గట్టునే పూడుస్తాం. ఒక ఏడాది వానలకు వంక పొంగి గట్టు కోసుకొని పోయింది. మా నాయన సమాధి సగం పోయింది. సిలువ యాడికి కొట్టుకపోయిందో తెలీదు. మోకాటి లోతు బురదలో దిగి పొద్దుగూకేదాకా వెతికినాను. దొరకలా.

ఎలక్షన్లప్పుడు ఎంపీ అభ్యర్థి ఒకాయన మా చర్చికి వచ్చినాడు. చెప్పులు బయట విడిచి, ముందు బెంచీలో కూర్చొని, "మీ సమాధుల స్థలం సంగతి నాకు వదిలేయండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన మనిషినైపోయినాను. నా పేరు గూడ ఆయనకు తెలీదు, అది వేరే విషయం.

పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. "ఏసుపాదం, దేశం కోసం ప్రార్థన చెయ్యి. మంచి పాలన అడుగు. పేర్లు మాత్రం ఎత్తొద్దు. మన సంఘంలో రెండు పార్టీల వాళ్లూ ఉండారు."

సరే అయ్యా అన్నాను. ఇంటికొచ్చి మోకాళ్లూని, పేరు, ఇంటిపేరు, నియోజకవర్గం, అన్నీ వివరంగా చెప్పినాను. దేవుడు పొరపాటు పడకూడదు గదా. పైగా ప్రతి శుక్రవారం ఉపవాసం. ఆ నీరసంలో ఒకామె జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టి పెట్టినాను.

లెక్కింపు రోజు వచ్చింది. పాస్టరయ్య పంటినొప్పి అని పొద్దున్నే తిరుపతికి పోయినాడు. నేను అంగట్లో ఫోన్‌ను మిషన్‌కు ఆనించి పెట్టుకొని కూర్చున్నాను. మొదటి రౌండులో మా ఆయనే ముందు. రెండో రౌండు, మూడో రౌండు, అట్లే పోతా ఉండాది. ఆరో రౌండుకు ఫోన్‌లో వార్తలు చెప్పే మనిషి "దాదాపు ఖాయమే" అన్నాడు. ఖాయం అనేది వినపడింది. దాదాపు అనేది నా చెవిలో పడలా.

అంగడి గూడ మూయకుండా బండెక్కి పల్లెకు పోయినాను. చర్చి తాళం తీసి, తాడు పట్టుకొని, చేతులు పీకేదాకా గంట కొట్టినాను. జనం వచ్చేసినారు. ఎస్తేరు పిండి చేతుల్తోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"గెలిచినాం."

"లెక్కింపు అయిపోయిందా?"

"నీకు విశ్వాసం లేదు ఎస్తేరూ. అదే నీతో వచ్చిన చిక్కు."

అంతటితో ఆపినా బాగుండు. మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పినాను. దేవుడు మన మొర ఆలకించినాడు, ఎదుటి పక్షం వాళ్లను సిగ్గుపరిచినాడు అని, గొంతు పగిలేటట్ల. చర్చి పైన ఉండే లౌడ్‌స్పీకరు నేరుగా గోవిందప్ప ఇంటివైపు తిరిగి ఉంటాది. ఎదుటి పార్టీకి మా పల్లెలో పెద్ద ఆయనే.

పదో రౌండుకు తేడా తగ్గింది. ఏం ఫర్వాలేదు, ప్రార్థిద్దాం అన్నాను. పన్నెండో రౌండుకు జనం ఒక్కొక్కరే లేచి పోతా ఉండారు. పద్నాలుగుకు మా ఆయన వెనకబడినాడు. చర్చిలో నేనూ, ఎస్తేరూ, బెంచీ మీద ఫోనూ మిగిలినాం.

"ప్రభువా, లెక్కింపు ఇంక ఆపించు" అన్నాను.

"అట్ల అడగొచ్చునా?" అనింది ఎస్తేరు.

సాయంత్రం గోవిందప్ప వీధిలో టపాకాయలు మొదలైనాయి. నేను బెంచీ మీద కూలబడి ఏడ్చినాను. ఓడిపోయినందుకు కాదబ్బా ఆ ఏడుపు. మనుషులు మనుషులకు వేసుకొన్న ఓట్లలోకి దేవుణ్ణి ఈడ్చుకొచ్చి, ఊరందరి ముందర ఆయన్నే ఓడించినట్ల చేసినాను. నాయన సమాధి మిగిలిన సగం గూడ నా నోటితోనే వంకలో కలిపేసినాను అనిపించింది.

పాస్టరయ్య బుగ్గ వాచి, తిరుపతి బస్సు దిగి వచ్చినాడు. సంగతి అప్పటికే తెలిసిపోయి ఉండాది.

"దేవుడు నా ప్రార్థన వినలేదా అయ్యా?" అని అడిగినాను.

"విన్నాడు. ఊరంతా వినింది. అదే ఇప్పుడు కష్టం" అన్నాడు. బుగ్గ పట్టుకొని, "రేపు పొద్దున స్థలం అర్జీ తీసుకొని గోవిందప్ప దగ్గరకు పో. నువ్వే పోవాల" అన్నాడు.

పోయినాను. గోవిందప్ప అరుగు మీద ఉండాడు. చుట్టూ ఆయన మనుషులు. కూర్చోమన్నాడు, టీ ఇప్పించినాడు.

"నిన్న గంట కొట్టినావంటనే" అన్నాడు.

"కొట్టినానన్నా."

"ఎందుకప్పా?"

గెలిచినామని కొట్టినాను అని ఎట్ల చెప్పేది. నోటికొచ్చింది అనేసినాను. "ఒకరు పోయినారన్నా. అది చావు గంట."

"అయ్యో, ఎవరు పోయినారు?"

తల దించుకొని, "నేనేనన్నా" అన్నాను.

అరుగు మీద ఉండే వాళ్లంతా పడి పడి నవ్వినారు. గోవిందప్ప నవ్వలా. అర్జీ విప్పి నిదానంగా చదివినాడు. మడిచి జేబులో పెట్టుకొని, నా భుజం తట్టి, "సరేలే ఏసుపాదం. స్థలం వస్తే మొదటి చోటు నీకే. పోయినోడివి గదా" అన్నాడు.

ఏడాది దాటింది. స్థలం ఇంకా రాలేదు. అందుకే నేనిట్ల తిరగతా ఉండాను.