దసరాకు ఉత్త బండి

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా సారపాకలో నాలుగు చినుకులు పడితే, ఆ కబురు నా నోట్లోంచి బయటికొచ్చేసరికి గోదావరి అవతలి ఒడ్డున భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయిపోతుంది. మా ఇంటావిడ నేను చెప్పిందాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ వడగట్టి వింటుంది. మీరూ అలాగే చదవండి. ఎక్కడ వడగట్టాలో చివర్లో నేనే చెప్తాను.

మా ఊళ్ళో అట్ట తయారుచేసే పెద్ద మిల్లు ఉంది. నేను పనిచేసేది అందులోనే. దాని గేటు ముందు జామాయిల్ కర్ర లారీలు పొద్దస్తమానం బారు తీరి ఉంటాయి. ఆ బారు తోక ఎక్కడుందో చూసొద్దామని బయల్దేరినవాళ్ళు జూలూరుపాడు దాకా పోయి, టీ తాగి, తోక దొరక్క వెనక్కి వచ్చేశారని చెబుతారు. చెప్పేది నేనే.

పిల్లలు చూసిందే ఆడతారు. మా వీధి పిల్లల ఆట కూడా ఆ లారీల బారే. ప్రతివాడి దగ్గరా ఒక బొమ్మ లారీయో, జేసీబీయో, బస్సో ఉంటుంది. దానికి తాడు కట్టి లాక్కొచ్చి గేటు ముందు వరుసలో పెట్టాలి. నోటితో హారన్ కొట్టాలి, ముందున్న డ్రైవర్ని తిట్టాలి, గేటు తెరవగానే లోపలికి పోవాలి. బండి ఉన్నవాళ్ళు డ్రైవర్లు. లేనివాళ్ళు గేటు.

మా అమ్మాయికి ఆరేళ్ళు. నా మీసం నెరిశాక పుట్టిన పిల్ల. వీధి మొత్తానికి బండి లేనిది అదొక్కతే కాబట్టి వేసవి నుంచీ గేటు అదే. రెండు చేతులూ బార్లా చాపి రోడ్డు మధ్యలో నిలబడేది. ఎవరైనా హారన్ కొడితే ఒక చెయ్యి పైకెత్తేది. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో నేను అన్నం కంచంతో ఎదురొచ్చినా చెయ్యెత్తి దారిచ్చేది.

దసరా సెలవులు ఇచ్చిన రోజు సంచీ పడేసి నా ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, పండుగకు నాకు బండి గావాలె. బండి లేకపోతే నేను ఇగ ఆటకు పోను."

"నువ్వు పోకపోతే గేటెవరు మరి?" అన్నాను నవ్వుతూ.

అది నవ్వలేదు. "గేటుకు ఆట ఉండదు నాన్నా. అందరూ దాన్ని దాటిపోతరు, గంతే."

బండి కొనిస్తానని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను. మా ఇంట్లో ఇది అరుదుగా జరిగే విషయం.

ఇక్కడ మా ఇంటి భాష గురించి ఒక మాట. నేను బొగ్గుగనుల వైపువాణ్ణి, మా నాయన బొగ్గుబాయిలో పనిచేశాడు. మా ఇంటావిడది మధిర వైపు వ్యవసాయ కుటుంబం. మా అమ్మాయి గారాలు పోయేటప్పుడు వాళ్ళమ్మ భాషలో పోతుంది, పట్టు పట్టేటప్పుడు నా భాషలో పడుతుంది. ఇప్పుడు పట్టింది నా భాషలో. కనక బండి అంటే నేను మోటారు సైకిల్ అనుకున్నాను, మావైపు బండి తియ్యి అంటే అదే. వాళ్ళమ్మ ఎడ్లబండి అనుకుంది, ఆమె చిన్నప్పుడు బండి కట్టారంటే ఎడ్లను కట్టినట్టే. ఎవరి బండి వాళ్ళు మనసులో పెట్టుకుని, ముగ్గురం వంతెన దాటి భద్రాచలం వెళ్ళాం.

పండగముందు బొమ్మల దుకాణంలోకి అడుగుపెట్టడం అంటే ఏమిటో కన్నవాళ్ళకే తెలుస్తుంది. కప్పు నుంచి వేలాడే విమానాలు జుట్టు పట్టుకుంటాయి. కాలికింద ఏదో నొక్కుకుని తుపాకీ పేలుతుంది. ఒక కుక్క బ్యాటరీ అయిపోయేదాకా మనల్నే చూసి మొరుగుతుంది. ఇక ఆ పెట్టెలు! పెట్టెమీద బొమ్మలో కారు కొండలెక్కుతుంది, నిప్పులు కక్కుతుంది. మూత తీస్తే లోపల అరచేతిలో పట్టే కారూ, అడ్డెడు గాలీ. మాది అట్ట మిల్లు కాబట్టి అట్టను తప్పుపట్టను, అట్ట గట్టిదే. తేలిపోయేదల్లా లోపలి సరుకే.

దుకాణదారు మమ్మల్ని చూడగానే లేచాడు. "రాండ్రి సార్, పాపకు ఏం గావాలె?"

మా ఇంటావిడ ముందుకొచ్చింది. "కొయ్య ఎడ్లబండి ఉందా అండీ?"

"ఎడ్లు ఊర్లల్లనే లెవ్వమ్మా, నా షాపుల యాడుంటయ్? ఆడపిల్లకు కిచెన్ సెట్ తీస్కపోండ్రి. మిక్సీ నిజంగ తిరుగుతది."

"మా ఇంట్లో ఉన్న మిక్సీయే తిరగట్లేదు. ముందు దాని సంగతి చూడమనండి మా ఆయన్ని."

నేను గబగబా బొమ్మ మోటారు సైకిల్ తీయించాను. మా అమ్మాయి చూసి తల అడ్డంగా ఊపింది.

"గిది నాన్న బండి."

జేసీబీ తీయించాను. "గిది జేసీబీ." బస్సు తీయిస్తే, "గిది స్కూల్ బండి." ట్యాంకరు తీయిస్తే, "గిది నీళ్ళ బండి."

"నీకు ఏ బండి కావాలే తల్లీ?" అన్నాడు దుకాణదారు. అతని గొంతులో ఓపిక ఇంకా మిగిలే ఉంది, అడుగుకైతే దిగింది.

"ఉత్త బండి. పాట పాడుకుంటొచ్చేది."

పాట అనగానే అతను ఎగిరి గంతేశాడు. అంబులెన్సు తెచ్చాడు, పోలీసు జీపు తెచ్చాడు, రంగురంగుల లైట్లు తిప్పుతూ ఏ దేశపు భాషో తెలియని పాట పాడే ఐస్‌క్రీం బండి తెచ్చాడు. అన్నీ ఒక్కసారే మోగాయి. ఆ మోతకు గోదావరిలో పడవలు ఒడ్డుకు తిరిగాయి. మా అమ్మాయి రెండు చేతులతో చెవులు మూసుకుని, "గివేవి కావు," అని కింద కూర్చుంది.

చివరికి రిమోట్ కారు కొన్నాను. అది దానికి నచ్చి కాదు, నాకు నచ్చి. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, బొమ్మల దుకాణాలు నడిచేది పిల్లల వల్ల కాదు. చిన్నప్పుడు దొరకనిదేదో ఉండిపోయిన తండ్రుల వల్ల. పిల్లలు అక్కడ ఊరికే తోడు వస్తారు.

మర్నాడు పొద్దున్నే వసారాలో కారు నడుపుతున్నాను. మా అమ్మాయి గడప మీద కూర్చుని నన్ను చూస్తోంది, నేను దాని కొడుకునైనట్టు. అప్పుడు వీధి చివర పాట వినిపించింది. పాట వెనకే, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చేయమని మైకులో గొంతు. వంటింట్లోంచి మా ఇంటావిడ కేక పెట్టింది.

"బండొచ్చింది! ఏమండీ, బండొచ్చింది!"

అన్ని ఇళ్ళలోనూ అదే కేక. అన్ని తలుపులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అందరూ బకెట్లు పట్టుకుని బయటికి ఉరుకుతున్నారు. మా అమ్మాయి అందరికంటే ముందు ఉరికి, ఆ చెత్త ఆటోకు వేలు చూపించి నావైపు తిరిగింది. "గిదే నాన్నా! బండి!"

అప్పుడు వెలిగింది. నాది నాన్న బండి. బడిది స్కూల్ బండి. మిల్లుకొచ్చేది కర్ర బండి. ముందు మరో మాట తగలకుండా, ఉత్తగా బండి అనిపించుకునేది మా ఇంట్లో ఈ ఒక్కటే. మా అమ్మాయి పుట్టినప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వింటున్న మాట అది. దాన్ని మేమిద్దరమే మర్చిపోయాం.

మా ఇంటావిడకు ఈ సంగతి చెప్పగానే మొహం మాడ్చుకుంది.

"పండగపూట ఆడపిల్లకి చెత్తబండేంటండీ? రేపు ఆయుధపూజకి దానికి దండేసి బొట్టు పెట్టాలా? మా పుట్టింటివాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

మా అమ్మాయి మా ఇద్దరి మధ్యా నిలబడి నెమ్మదిగా అంది. "అమ్మా, నాన్న బండి వస్తే నువ్వు బయటికి రావు. ఆ బండి వస్తే ఉరుకుతవ్."

ఇంటావిడ నావైపు చూసింది. నేను రిమోట్‌వైపు చూసుకున్నాను. ఆమె బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

కారు సంకలో పెట్టుకుని మళ్ళీ వంతెన దాటాను. "చెత్త బండి ఉన్నదా?" అని అడిగాను.

దుకాణదారు కారువైపు చూసి నొచ్చుకున్నాడు. "నిన్ననే గద సార్ కొన్నరు, గప్పుడే చెత్తయిందా?"

"ఇది కాదు. చెత్త ఎత్తే బండి, బొమ్మది."

"పండుగ పూట గదేం బేరం సార్? బంగారమసొంటి పిల్లకు!" అన్నాడు. కానీ తిట్టుకుంటూనే కారు వెనక్కి తీసుకుని, ఎక్కడో అడుగున దుమ్ములో పడి ఉన్న ఆకుపచ్చ టిప్పర్ ఇచ్చాడు. వెనక తొట్టి పైకి లేస్తుంది. అంతకంటే దానికేమీ రాదు.

పాట మిగిలింది. తర్వాతి పొద్దున ఆ ఆటో వెనకాల పాత ఫోను పట్టుకుని పరిగెత్తాను. మా వీధి దాటి, పక్క వీధి దాటి, బూర్గంపాడు పొలిమేర దాకా పరిగెత్తాను. ఆటో నడిపే మనిషి బండి ఆపి వెనక్కి చూశాడు. "సార్, చెత్త ఎయ్యున్రి గాని, గిట్ల ఎంబడి పడ్డరేంది?"

"పాట రికార్డు చేస్తున్న."

అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంట్ల అంతా మంచిదే గద సార్?" అని అడిగి వెళ్ళిపోయాడు.

దసరా నాడు సాయంత్రం వీధిలో లారీల బారు కట్టింది. అన్ని బొమ్మ బండ్లకీ బంతిపూల దండలు, కుంకుమ బొట్లు. మా అమ్మాయి తన టిప్పర్‌కు తాడు కట్టి గుమ్మంలోంచి బయటికి తీసింది. వేసే పెద్దమనసు ఎవరికీ లేక దాని బండికి దండ లేదు. తొట్టిలో ఫోను పెట్టాం. పాట మొదలైంది.

వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. పట్టుచీరల్లో ఆడవాళ్ళు, వాళ్ళ వెనక అప్పుడే నిద్రలేచిన మగవాళ్ళు, పొద్దున వచ్చిన బండి సాయంత్రం మళ్ళీ వచ్చిందేమిటని బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. పక్క వీధివాళ్ళొచ్చారు. మిల్లు గేటు దగ్గర నిజం లారీల వాళ్ళు కూడా దిగొచ్చారు. పిల్లలు తమ లారీలు పక్కకు లాగి దారిచ్చారు. మా అమ్మాయి ఎవర్నీ చూడకుండా, ముందుకు చూస్తూ, తాడు పట్టుకుని నడిచింది.

ఇన్నాళ్ళూ తను గేటై నిలబడ్డ చోటు దాకా పోయి ఆగింది. ఆగాల్సి వచ్చింది, గేటు లేదు. డ్రైవర్లందరూ కాసేపు ఆలోచించి నావైపు తిరిగారు.

"అంకుల్, మీకు బండి లేదుగా?"

"ఉన్నది గద, బయట," అన్నాను.

"గది నాన్న బండి," అంది మా అమ్మాయి. "చేతులు చాపు నాన్నా."

చాపాను. మోచేతులు వంగితే ఒప్పుకోరు.

ఇక వడగట్టాల్సిన చోటు. పట్టుచీరలు, పక్క వీధి, లారీల వాళ్ళు, అదంతా నేను పుట్టించిందే. ఆ ఫోను గొంతు నాలుగిళ్ళ అవతలికి వినపడదు. బూర్గంపాడు దాకా పరిగెత్తానన్నదీ అంతే, మలుపులోనే ఆయాసం వచ్చి ఆగిపోయాను.

పాట విని బకెట్‌తో బయటికొచ్చింది ఒక్కతే, మా ఇంటావిడ. బకెట్ నిండా తోరణాలు కట్టగా మిగిలిన మామిడాకులు, పూల తొడిమలు. మొహం మాడ్చుకునే వచ్చింది. తిన్నగా టిప్పర్ దగ్గరికొచ్చి, వంగి, మా అమ్మాయిని అడిగింది.

"ఇదిగో అమ్మాయ్, ఇవి ఎటు వెయ్యాలి?"

"అవి తడివి," అంది మా అమ్మాయి, తాడు వదలకుండా. "అటు పక్కకెయ్యున్రి. జల్దీ, ఎనక బండ్లు ఆగినయ్."