చెరకు ట్రక్కు తోక ఊగిన రోజు

నా చిన్నప్పుడు నేను ఒక మనిషి మీద అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు. నిజమేనని నమ్మి, ఇంట్లో అందరి ముందు గట్టిగా చెప్పాను. ఆ మాటతో ఆయన పనీ పోయేది, పేరూ పోయేది. రెండూ పోకుండా కాపాడినది మా మేనత్త. ఆమె ఆ పని చేసిన పద్ధతిని వరసగా రాసి పెట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఇంకా ఆలస్యం చేస్తే వరస తప్పుతుందన్న భయంతో ఇవాళ కూర్చున్నాను.

మా ఊరు ఉయ్యూరుకు దగ్గర. నేను అప్పుడు ఐదో తరగతి. మా పెదనాన్న ఆ ఏడాదే ఎద్దుబండ్లు మాని ట్రాక్టరు కొన్నారు. దాని వెనక తగిలించే పెద్ద తొట్టిని మా వైపు ట్రక్కు అంటాం. దాన్ని ఆటోనగర్‌లో కట్టించి తెచ్చారు. మధ్యలో ఒకటే ఇరుసు, దానికి రెండు చక్రాలు, ముందు ట్రాక్టరుకు తగిలించడానికి ఒక హుక్కు. చెరకు నరికే రోజుల్లో పొలం నుంచి ఫ్యాక్టరీకి అదే తిరిగేది.

దాన్ని నడిపే ఆయనను పిల్లలందరం డ్రైవరు మామ అనేవాళ్ళం. ఆయన ఒకప్పుడు తాగేవాడట. కూతురు పుట్టిన రోజు నుంచి మానేశాడని ఊరంతటికీ తెలుసు. అయినా ఆయన కాస్త ఆలస్యంగా వచ్చినా, దేనికో గట్టిగా నవ్వినా, చూసినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మానేసినవాడికి ఊరు వేసే ఈ శిక్ష ఎంత అన్యాయమైనదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం ఆ చూసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. కాలవ గట్టు దారిన ఇంటికి వస్తుంటే వెనక నుంచి మా ట్రాక్టరు నిండు చెరకుతో వచ్చి నన్ను దాటింది. ట్రాక్టరు తిన్నగానే వెళ్తోంది. వెనక ట్రక్కు మాత్రం మొదట కొద్దిగా, తరవాత ఇంకాస్త, ఆపైన చూడడానికే భయం పుట్టేంతగా, ఈగలు ముసిరిన గేదె తోకలా అటూ ఇటూ కొట్టుకోసాగింది. ఎడమ చక్రం గట్టు అంచు దాకా పోయింది. పది పన్నెండు కట్టలు కాలవలో పడ్డాయి. ఆ తరవాత బండి నెమ్మదించి, ఊపు తగ్గి, ఎలాగో ఆగింది. వెనకే సైకిలు మీద వస్తున్న చెరకు నరికే ముఠా మనిషి ఒకడు, "ఏం మామా, మళ్ళీ మొదలెట్టావా ఏంటి?" అని పకపకా నవ్వాడు.  స్టీరింగు పట్టుకున్న డ్రైవరు మామ చేతులు వణుకుతున్నాయి.

నేను ఒక్క పరుగున ఇంటికి వెళ్ళి, "డ్రైవరు మామ తాగి నడిపాడు, నేను చూశాను" అని చెప్పాను. సైకిలు మనిషి వేళాకోళానికి అన్నదాన్ని నేను సాక్ష్యంగా మార్చాను. "చూశాను" అన్న మాట పూర్తిగా నా సొంతం.

మా పెదనాన్న జన్మలో కల్లు ముట్టని మనిషి. డ్రైవరు మామ వచ్చి వాకిట్లో నిలబడగానే, ట్రాక్టరు తాళం అరుగు మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నారు.

"తాగలేదయ్యగారూ. నా బిడ్డ మీదొట్టు."

"చిన్నపిల్ల కళ్ళారా చూసి చెప్పింది. దానికి నీ మీద పగా?"

డ్రైవరు మామ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఒక్కటే ఉంది. తాళం అరుగు మీద పెట్టాడు.

సరిగ్గా ఆ సమయానికి మా మేనత్త వచ్చింది. ఆమెది పక్క వీధే. మామయ్య పట్నంలో, గవర్నర్‌పేటలో కొట్టు చూసుకుంటుంటే, ఇక్కడి ఆరెకరాలూ తనే చేయించేది. బండి కట్టడం, తోలడం ఆమెకు బాగా వచ్చు. జరిగినదంతా నిలబడే విన్నది. విని, మా పెదనాన్నను కాదు, నన్ను పిలిచింది.

"ఏమే కోడలా, సీసా చూశావా?"

"లేదత్తయ్యా."

"దగ్గరికెళ్ళావా? వాసన వచ్చిందా?"

"లేదు."

"మరి ఏం చూశావు?"

"ట్రక్కు తోక ఊగింది."

"అంతే కదా. అంతవరకే చెప్పాలి." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నాకు ఏడుపు వచ్చింది గాని, ఆమె ఏడవడానికి వ్యవధి ఇవ్వలేదు. అందరినీ వెంటబెట్టుకుని కాలవ గట్టుకు బయలుదేరింది.

దారి మీద మెత్తటి దుమ్ము. ట్రాక్టరు పెద్ద చక్రాల అచ్చులు లోతుగా, దాదాపు తిన్నగా పడి ఉన్నాయి. ట్రక్కు టైర్ల నున్నటి అచ్చులు మాత్రం వాటిని అటూ ఇటూ దాటుతూ మెలికలు తిరిగాయి. ఆమె వాటి పక్కన పొడుగునా నడిచి చూసి, "అన్నయ్యా, తాగినవాడు తిప్పితే ముందు చక్రాలు వంకర పోతాయి, వెనకవి వాటి వెంట పోతాయి. ఇక్కడ తలకాయ తిన్నగా పోయింది, తోక తూలింది" అన్నది. పెదనాన్న అచ్చులు చూసి కూడా ఒప్పుకోలేదు. డ్రైవరు నడపడంలోనే ఏదో తప్పుందన్నారు.

అప్పుడు ఆమె ఒక ఎత్తు వేసింది. నీళ్ళలో పడిన కట్టలను తీయించి, ముందు ఎక్కడ ఉన్నవో సరిగ్గా అక్కడే పెట్టించింది. బండిని గట్టు దింపించి, మా చేల మధ్య వెడల్పుగా, తిన్నగా ఉండే పుంత దారిలోకి తెప్పించింది. టైర్లలో గాలి చూడమన్నది. రెండిటిలోనూ సమానంగా ఉంది. ఆ తరవాత పెదనాన్న వైపు తిరిగి, "నువ్వు తాగవు కదా అన్నయ్యా. నువ్వే నడుపు" అన్నది.

పెదనాన్న పౌరుషంగా ఎక్కారు. పక్కన డ్రైవరు మామను నిలబెట్టింది. మొదట బండి బాగానే కదిలింది. కాస్త వేగం పుంజుకోగానే ట్రక్కు తోక ఊగడం మొదలుపెట్టింది, గట్టు మీద నేను చూసినట్టే. పెదనాన్న కంగారుగా స్టీరింగు ఒక పక్కకు తిప్పారు, ఊపు రెట్టింపయింది. డ్రైవరు మామ గొంతు పుంతంతా వినిపించింది.

"తిప్పకండయ్యా! తిన్నగా పట్టుకోండి! బ్రేకు తొక్కొద్దు, తొక్కొద్దు... ఉత్తినే వేగం తగ్గించండి!"

పెదనాన్న విన్నారు కాబట్టి బండి నిలిచింది. అంటే అంతకుముందు కాలవ గట్టు మీద, ఇంకెవరూ చెప్పకుండానే, డ్రైవరు మామ చేసినది ఈ పనే. మేమంతా తప్పు పట్టిన ఆ చేతులే ట్రక్కును నీళ్ళపాలు కాకుండా నిలబెట్టాయి.

మా అత్తయ్య తాపీగా నడిచి వెళ్ళి ట్రాక్టరు పక్కన నిలబడింది. "చేతులు వణుకుతున్నాయేంటి అన్నయ్యా? పొద్దున్నే ఏమైనా పుచ్చుకున్నావా?"

ముఠా వాళ్ళు నవ్వు ఆపుకోలేక చెరకు చాటుకు పోయారు. పెదనాన్న ముఖం జేవురించింది.

ఆమె అక్కడితో ఆపలేదు. కట్టలు లెక్కపెట్టమని నన్ను ట్రక్కు చుట్టూ తిప్పింది. ఒక్క కట్ట తీయలేదు, ఒక్కటి కలపలేదు. వెనక కొస మీద పేర్చినవాటిని ముందుకు తెచ్చి, ఇరుసుకు వెనక కంటే ముందు కొంచెం ఎక్కువ ఉండేలా సర్దించింది. మళ్ళీ లెక్కపెట్టమన్నది. సరిపోయింది. మళ్ళీ పెదనాన్ననే ఎక్కమన్నది. మనిషి అదే, దారి అదే, చెరకు అదే. ట్రక్కు ట్రాక్టరు వెనకే బుద్ధిగా పుంత చివరిదాకా వెళ్ళి వచ్చింది.

ఆ తరవాత పెద్ద పెద్ద చదువులు చదివినవారు చేసిన పరీక్షలు కొన్ని చూశాను. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలన్న నియమాన్ని అంత శుభ్రంగా పాటించినవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

"వెనక పేర్చమన్నదెవరు?" అని ఆమె అడిగింది.  చివరికి పెదనాన్నే నోరు విప్పారు. మూడ్రోజుల కిందట కరకట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచాయట. బరువంతా ముందు ఉండడం వల్లనే అనుకుని, మొత్తం వెనక్కి తోయమని ముఠాకు తనే చెప్పారట. డ్రైవరు మామ నెమ్మదిగా, "రెండ్రోజుల బట్టీ ఊగుతోందమ్మా. ట్రక్కు విప్పడానికి పిన్ను తియ్యబోతే హుక్కు పైకి తన్నేది. పెద్దాయన చెప్పిన పద్ధతి కదాని నోరెత్తలేదు" అన్నాడు.

"బండి తోలినన్నాళ్ళూ నీకు తెలిసిందే కదా అన్నయ్యా" అన్నది అత్తయ్య, ఈసారి ఎగతాళి లేకుండా. "ఎద్దుల మెడ మీద కాస్త బరువు ఆనకపోతే బండి నిలబడదు. మరీ ఆనితే ఎద్దులు నిలబడవు. ఇంజనొచ్చేసరికి మర్చిపోయావు."

పెదనాన్న క్షమాపణ చెప్పే తరహా మనిషి కాదు. ట్రాక్టరు దిగి, తాళం డ్రైవరు మామ చేతిలో పెట్టి, "రేపటి నుంచి ఎక్కించేటప్పుడు నువ్వు దగ్గరుండి చెప్పు. నేను చెప్పినా వినకు" అన్నారు. మా ఇంట్లో అంతకంటే పెద్ద మాట అంతకు ముందు గాని ఆ తరవాత గాని నేను వినలేదు.

నా వంతు మిగిలింది. అత్తయ్య నన్ను ముందుకు నెట్టలేదు, కన్నెర్ర చేయలేదు. అయినా ఆమె వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోవడంలోనే ఆజ్ఞ ఉంది. నేను డ్రైవరు మామ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"పోనీలే అమ్మాయ్, చూసింది చెప్పావు" అన్నాడాయన.

"చూడనిది కూడా చెప్పాను మామా" అన్నాను.

ఆయన తల ఊపి, ఒక చెరకు గడ విరిచి నా చేతికిచ్చాడు. ఆ గడ నాకు సహించలేదు.

ఉద్యోగంలో చేరాక నాకు అప్పగించినది విచారణ నివేదికలు రాసే పని. మొదటి రోజు నుంచి పదవీ విరమణ దాకా ప్రతి కాగితం మీదా నిలువుగా ఒక గీత గీశాను: ఎడమ పక్క చూసినవి, కుడి పక్క అనుకున్నవి. కాలయాపన అని పై అధికారులు విసుక్కున్నారు. నేను మానలేదు. ఇప్పుడు ఇంట్లో రాసుకునే పుస్తకాలకూ అదే గీత.

మొన్న మా వీధి చివర, చేపల మేత బస్తాలు నింపిన పొడుగాటి ట్రైలరు ఒకటి, లాక్కెళ్తున్న పికప్ వ్యానుతో సహా పక్కకు ఒరిగిపోయింది. నేను చెప్పులు వేసుకుని వెళ్ళేలోపే జనం తీర్పు చెప్పేశారు, తాగి ఉంటాడని. ఎవరు చూశారని అడిగాను. ఈ ముసలామెకు ఎందుకని నన్నే విసుగ్గా చూశారు. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి ఇంటికి వచ్చాను. పుస్తకం తీసి, గీతకు ఎడమ పక్కన, బస్తాలు ఎక్కువ భాగం ఇరుసు వెనక ఉన్నాయని రాశాను. కుడి పక్కన డ్రైవరు అని రాసి, దాని ఎదురుగా, నాకు తెలియదు, అని రాశాను.