సుంకప్ప బండికి పెద్ద టైర్లు

పత్తికొండ టమాటా మార్కెట్టులో సుంకప్ప పికప్పును గుర్తుపట్టనివాళ్లు తక్కువ. తెల్లబండి, వెనుక తలుపు మీద నీలిరంగులో ‘ఉరుకుంద ఈరన్న’ అన్న దేవుడి పేరు, ఒకపక్క సొట్ట. బండి అందరికీ తెలుసు. మనిషి గురించి మాత్రం ఎవరికీ పెద్దగా తెలియదు. పెట్టెలు దించేదాకా పక్కన నిలబడతాడు, ఒక టీ తాగుతాడు, వెళ్లిపోతాడు. ఎవరైనా పలకరిస్తే “ఆఁ, బాగుండా” అంటాడు. ఎదుటి మనిషి ఇంకో మాట వెతుక్కునేలోపే బండి కదిలిపోతుంది.

భార్య ఉరుకుందమ్మ ఉన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదు. వాళ్లకు పిల్లలు లేరు. బండి కొన్న నాటినుంచి ఆమె కూడా ముందు సీట్లో కూర్చుని తిరిగేది. మార్కెట్టులో మాట్లాడే పనంతా ఆమెదే. ఎవరి చేను ఎంత కాసింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఏ ఊళ్లో బోరు ఎండింది, అన్నీ ఆమెకు తెలుసు. సుంకప్ప స్టీరింగు పట్టుకుని వింటూ నవ్వుతుండేవాడు. రెండేళ్ల కిందట ఆమె జ్వరంతో మంచం పట్టి, కర్నూలు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ తర్వాత సుంకప్ప నోరు కూడా మూతబడింది.

అతని ఊరు పత్తికొండకు పడమర. దీపావళి దాటిందంటే ఆ ఊళ్లో వీధి వీధికీ తాళాలు పడతాయి. గుంటూరు పక్క మిరపకాయల కోతకు జనం మూటాముల్లె కట్టుకుని పోతారు. సుగ్గికి పోవడమంటారు దాన్ని. వంట చట్లు, పరుపులు, చంటిపిల్లలు, మెడకు తాడు కట్టిన మేకపిల్లతో సహా అందరినీ బస్సు దగ్గరికి చేర్చేది సుంకప్ప పికప్పే. పోయేటప్పుడు బండి నిండా అరుపులు, నవ్వులు. వచ్చేటప్పుడు వెనుక తలుపు గొలుసు కొట్టుకునే చప్పుడు. ఉగాది దాకా ఊళ్లో మిగిలేది అతనూ, కదలలేని కొందరు ముసలివాళ్లూ, కుక్కలూ.

అలాంటి నెలల్లో అతనికి మిగిలిన దారి ఒకటే, వానొస్తేనే పారే చిన్న వాగు, ఆ వంక అవతలి దారి. అక్కడ గుట్ట కింద రామాంజి, శివజ్యోతి అనే మొగుడూపెళ్లాలు బోరు కింద టమాటా వేసేవారు. సుగ్గికి పోకుండా చేనులోనే గుడిసె వేసుకుని ఉండేవారు. సుంకప్ప పెట్టెలకోసం పోతే శివజ్యోతి తినిపించనిదే పంపేది కాదు. జొన్నరొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ కారం. “ఏం మామా, ఈ పొద్దు గడ్డం గీసుకున్నావే, పెండ్లిచూపులకు పోతాండావా?” అని ఎగతాళి చేసేది. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు అతన్ని ఎగతాళి చేయడం సుంకప్పకు బాగుండేది.

కష్టమంతా వంకలోనే ఉంది. దారికి అడ్డంగా అక్కడ నేలలో పాతుకుపోయిన ఒక పరుపుబండ. ఉరుకుందమ్మ ఉన్నప్పుడు బండి దిగి ముందుకు పోయి, “ఎడంపక్కకి రా... ఇంగా రా... నిలుపు” అని చేతులు ఊపుతూ దాటించేది. ఆమె పోయాక ఏ చక్రం ఎక్కడ ఉందో చెప్పేవాళ్లు లేరు. పైగా మొన్నటి వానలకు బండ పక్కన మట్టి కొట్టుకుపోయి, వెనుక ఇరుసు ప్రతిసారీ బండకు తగిలి కీచుమనేది. రామాంజితో కలిసి సమ్మెటతో కొట్టిచూశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చిందేగానీ బండ పెచ్చు కూడా రాలలేదు. ఒకరోజు ఇరుసు దగ్గర నూనె కారింది. మెకానిక్కు అతుకు వేసి, “ఇంగొక దెబ్బ తగిలితే బండి ఆడనే పండుకుంటాది” అని చెప్పాడు.

అప్పుడు సుంకప్ప వంకలోనే బండి ఆపి, కిందకు దూరి వెల్లకిలా పడుకున్నాడు. ఇరుసు మీద ఒరుసుకుపోయి మెరుస్తున్న చోటును వేలితో తడిమాడు. పెద్ద ఎత్తు అక్కర్లేదు, కొంచెం లేస్తే చాలనిపించింది. లేచి దుమ్ము దులుపుకుని నేరుగా పత్తికొండలో ఏసుబాబు టైర్ల కొట్టుకు పోయాడు.

కొట్టు ముందర ఒక జీపు ఉంది. దాని టైర్లు ఎద్దు మూపురాల్లా ఉబ్బి ఉన్నాయి.

“అట్లాంటివి ఎయ్యి నా బండికి. వంకలో బండకు ఇరుసు తగుల్తాంది” అన్నాడు సుంకప్ప.

ఏసుబాబు నవ్వాడు. “అవి నీ రిమ్ముకు కూకోవప్పా. బండితో వచ్చిన రిమ్ము సన్నంది, ఆ టైరు శానా వెడల్పు. గాలి పట్టిచ్చినా అంచు సరిగా పట్టుకోదు. మలుపులో జారి ఊడొచ్చిందంటే నువ్వూ నీ టమాటాలూ రోడ్డు మీదనే.”

“రిమ్ములు మార్చేది ల్యా. ఇవే ఉండల్ల.”

“ఇవే ఉండల్లంటే ఇప్పుడుండే దానికంటే ఒక్క సైజు పెద్దది పడ్తాది. అంతకు మించి ఎక్కిస్తే స్టీరింగు తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రుద్దుకుంటాది.”

“ఎత్తు ఎంత లేస్తాది?”

ఏసుబాబు పాత టైరు పక్కన కొత్తది నిలబెట్టి చూపించాడు. “టైరు రెండు వేళ్లు పెద్దది. అయితే బండి లేసేది ఒక్క వేలే. పెరిగిందాంట్లో సగం ఇరుసుకు కింద, సగం పైన గదా.”

సుంకప్ప తన చూపుడువేలు అడ్డంగా పెట్టి చూసుకున్నాడు. “వేలు చాల్లే” అన్నాడు.

“ఇంగా ఇను. బరువు మోసేదానికి తగిన టైరే తీసుకోవల్ల, చూసేదానికి బాగుండేది కాదు. గడ్డ ఎక్కేటప్పుడు లాగుడు కొంచెం తగ్గుతాది. డీజిలు కొంచెం ఎక్కువ తాగుతాది. మీటరు నువ్వు పొయ్యేదానికంటే తక్కువ చూపిస్తాది. స్టెప్నీ గూడా ఇదే సైజు ఉండల్ల.” కొత్త టైరును చేత్తో తట్టి, “ఇంత ఖర్చు ఏంటికప్పా? ఆ దారిలో అంత బాడుగ ఉండాదా?” అని అడిగాడు.

“వంక అవతల శానామంది టమాటా పెట్టినారు.”

“రామాంజి చేనొక్కటే గదా ఉండేది!”

సుంకప్ప కొత్త టైరు గాడుల్లోకి వేలు పోనిచ్చి నిలబడ్డాడు. “ఉండారులే” అన్నాడు. ఏసుబాబు మళ్లీ అడగలేదు. ముందు చక్రాలు బిగించి, స్టీరింగు ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పించి, ఎక్కడా రుద్దుకోవడం లేదని వంగి చూశాడు. వెనుక సిమెంటు మూటలు వేయించి, బరువు మీద ఇంకోసారి చూశాడు. అంతా సరిగ్గా ఉందన్నాక మిగతావి బిగించాడు.

మరుసటి రోజు పొద్దున సుంకప్ప వంకలోకి దిగాడు. ముందు చక్రాలు బండ ఎక్కాయి. వెనుక చక్రాలు ఎక్కి, దిగాయి. ఏ చప్పుడూ లేదు. అవతలి గడ్డ మీద బండి ఆపి, ఇంజను కట్టేసి కూర్చున్నాడు. పక్క సీటు వైపు తిరిగి “తగల్ల్యా” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. వెంటనే బండి స్టార్టు చేశాడు.

గుడిసె ముందు మూటలు కట్టి ఉన్నాయి. శివజ్యోతి చట్లను చీరలో చుడుతోంది. రామాంజి గుడిసె కప్పు మీద టార్పాలిను లాగి రాళ్లు పెడుతున్నాడు.

“వచ్చినావా మామా? నీకే ఫోను చేయల్లనుకుంటాంటి” అన్నాడు. “బోరు ఎండిపాయ. ఉండే కాయకు రేటు ల్యాకపాయ. కోత కూలి గూడా రాదు. మేమూ సుగ్గికి పోతాండాము.”

“ఎప్పుడు?”

“ఈ పొద్దే. బస్సుకాడ దించి రా మామా.”

సుంకప్ప ఒక్కో మూటా తీసి బండిలో పెట్టాడు. శివజ్యోతి బండి చుట్టూ తిరిగి, “టైర్లు మార్చినావే! ఏంటికి మామా?” అంది.

“పాతవి అరిగినాయమ్మా” అన్నాడు.

తిరుగు దారిలో బండి ఆ బండను నిశ్శబ్దంగా దాటింది. ఇరుసు తగలలేదన్న సంగతి రామాంజికి గానీ, శివజ్యోతికి గానీ తట్టలేదు. బస్సు దగ్గర దిగేటప్పుడు రామాంజి, “మోటారూ పైపులూ అట్లనే ఉండాయి మామా. అప్పుడప్పుడు పోయి చూస్తాండు” అన్నాడు.

‘అప్పుడప్పుడు’ అన్న మాటను సుంకప్ప రోజు మార్చి రోజుగా అర్థం చేసుకున్నాడు. చేనుకు పోవడం, మోటారు చూడటం, సిగ్నలు కోసం బానెట్టు మీదికెక్కి గుంటూరుకు ఫోను చేయడం. మొదట్లో ఇద్దరూ మాట్లాడేవారు. తర్వాత రామాంజి ఒక్కడే, “ఉండాదా? సరే మామా” అని పెట్టేసేవాడు. ఉగాదికి ఊరంతా వచ్చింది, వాళ్లు రాలేదు. మిరపకాయలు దాచే కోల్డ్‌స్టోరేజీలో ఏడాది పొడుగునా పని దొరికిందట. ఒకసారి రామాంజి ఒక్కడే వచ్చి మోటారు పెరికి, పైపులు తీసి, సుంకప్ప బండిలోనే వేసుకుపోయి అమ్ముకున్నాడు. గుడిసె మీది టార్పాలిను కూడా మడిచి పట్టుకుపోయాడు.

ఇక అవతలికి పోయే పని లేదు. అయినా ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సుంకప్ప వంక దాటాడు. చేనులో గొర్రెల మంద కనిపించింది. తలగుడ్డ చుట్టుకున్న గొర్రెలకాపరి, అతని భార్య, గుడిసె నీడలో కూర్చుని ఉన్నారు.

“ఎవరప్పా? యాడికొచ్చినావు?” అన్నాడు ఆ మనిషి.

“ఊరికే. దారి ఎట్లుండాదో చూద్దామని.”

“ఈ దారిలో బండి వస్తాదా!” అని అతను ఆశ్చర్యపోయి లేచి వచ్చాడు. ఇరుసు కిందికి వంగి చూశాడు, టైర్లను చేత్తో తట్టాడు. “మేత ఉండాది గానీ నీళ్లు ల్యావప్పా. మూడుమైళ్లు తోలల్ల గొర్రెల్ని. నీ బండిలో నీళ్లు తేగలవా?”

మరుసటి రోజునుంచి సుంకప్ప ప్లాస్టిక్ డ్రమ్ములు నింపుకుని పోయాడు. డ్రమ్ములు వంచుతుంటే గొర్రెలు అతని కాళ్ల మధ్యకు దూరేవి. కాపరి భార్య మజ్జిగ ఇచ్చేది. ఆమె మాట సగం కన్నడం. సగం అర్థమయ్యేది, సగానికి తలాడించేవాడు. వాళ్ల పేర్లు అతను అడగలేదు, అతని పేరు వాళ్లూ అడగలేదు. ఎండలు ముదిరేకొద్దీ అతను ఇంకొంచెం తొందరగా బయలుదేరేవాడు.

ఒకనాటి పొద్దున డ్రమ్ములతో పోయేసరికి వంకలో గుంటలన్నీ నిండి ఉన్నాయి. రాత్రి గుట్ట మీద వాన పడినట్టుంది. ఊళ్లో చినుకు లేదు. చేను దగ్గర గొర్రెలు లేవు. తడిసిన పెంట, ఆరిపోయిన పొయ్యి, దానిపక్కన ఒక తెగిన చెప్పు. అన్నిచోట్లా నీళ్లు దొరికాక మంద ఏ దిక్కుకు పోయిందో చెప్పడానికి మనిషి లేడు.

సుంకప్ప నిండు డ్రమ్ముల వైపు చూశాడు. ఆ నీళ్లు వెనక్కి మోసుకుపోవడం ఇష్టం లేకపోయింది. చొక్కా విప్పి, సీటు కింద గుడ్డ తీసి, బండి కడగడం మొదలుపెట్టాడు. ముందు అద్దం, తర్వాత తలుపులు, తర్వాత టైర్లు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను పుల్లతో ఒక్కొక్కటే పెకలించాడు. తొందరేమీ లేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ చేనులో ఒంటరిగా బండిని తోముతూనే ఉన్నాడు. తర్వాత మెరుస్తున్న బండిని వంక బురదలోకి దించి, ఇంటికి పోయాడు.