వుజూ కుళాయికి వేడినీళ్లు

ఆకాశం నుంచి నీళ్లు దించి, ఆ నీళ్లతోనే మమ్మల్ని శుభ్రపరచి, తన ఎదుట నిలబడనిచ్చే అల్లాహ్‌కే స్తోత్రాలన్నీ.

ఈ చలికాలం మా అమ్మ వేళ్ల కీళ్లు వాచిపోయాయి. చన్నీళ్లు తగలనివ్వొద్దన్నారు డాక్టరు. ఐదు పూటలా నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుని వుజూ చేసే మనిషి ఆమె. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు వేళ ట్యాంకు నీళ్లు ఆ వేళ్లకు సూదుల్లా తగులుతాయి.

మద్దిలపాలెంలో గీజర్లమ్మే నా స్నేహితుడి దుకాణం చుట్టూ తిరిగాను. కరెంటు కూడా అల్లాహ్ మనకప్పగించిన అమానతే, దుబారా చేస్తే ఆయనకు లెక్క చెప్పాలి. సోలార్ పెడదామంటే మిద్దె మాది కాదు. నిద్రపట్టని ఆలోచనల తర్వాత ఐదు స్టార్ల గీజరు కొని స్నానాలగదిలో పెట్టించాను. మరుగుదొడ్డి ఉన్న ఆ గదిలో అమ్మ వుజూ చేయదు. అందుకని వెనక వసారాలోని కుళాయి దాకా పైపు లాగించాను.

మర్నాడు తెల్లవారుజామున చూస్తే, అమ్మ వణుకుతూ చన్నీళ్లతోనే కడుక్కుంటోంది.

"కాసేపు కుళాయి వదిలీమ్మా, ఏడినీలొత్తాయి."

"అవొచ్చీదాకా ఈ నీలన్నీ కాలవలో పారబోయమంతావేట్రా? ఏటి పక్కన కూకున్నా నీలు వొలకబోయకూడదని ఊరి పిల్లలకి సెప్పీదాన్ని నాను!"

"పోనీ బకెట్లో పట్టు."

"బకెట్టెత్తీ సేతులే ఉంతే నీకీ తిప్పలెందుకురా!"

 మసీదుకెళ్లి జమాతులో అందరితో నమాజుకు నిలబడ్డానే గానీ నా మనసు ఆ పైపులోనే ఉంది.

దుకాణం తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. సంగతి విని స్నేహితుడు పగలబడి నవ్వాడు.

"స్టార్లు సూసేవు గానీ పైపు పొడుగు సూడ్నేదేటి బావా! కాగిన నీలు పైపులోనే సల్లారిపోతన్నాయి. కరెంటూ పోయె, నీలూ పోయె."

కుళాయి పక్కనే బిగించే చిన్న ఇన్‌స్టంట్ హీటరు ఇచ్చాడు. వాడినంతసేపే కరెంటు తీసుకుంటుంది, నీళ్లు అక్కడికక్కడే కాగుతాయి. వాన తడపని గోడ చూసి, ఎర్తు సరిచూసి, ఎలక్ట్రీషియన్ నిన్న బిగించాడు.

ఈ ఉదయం కుళాయి తిప్పిన వెంటనే గోరువెచ్చగా వచ్చాయి. అమ్మ మోచేతుల దాకా కడుక్కుంది. వణుకు లేదు. నమాజయ్యాక మాత్రం కింద పరుచుకున్న జానిమాజ్ మడతపెట్టలేక అలాగే వదిలి లేచింది. వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు.

"ఆరాటపడకురా, అయ్యే ఒంగుతాయి" అంది.

ఆరాటపడకుండా ఉండడం నా వల్ల కావడం లేదు. నేను చేయగలిగింది ఒక హీటరు బిగించడం వరకే. ఇది చదువుతున్న మీరు ఏ వేళ చేతులెత్తినా, నాతో కలిసి అడగండి: యా అల్లాహ్, నీ కోసం కడుక్కునే ఆ చేతులకు నొప్పి తగ్గించు. ఆమీన్ అనండి.