ఆదోని ఆటగాడు మా పొయ్యి ఊదిన రోజు

నా చిన్నప్పుడు, మమ్మల్ని బళ్లారి జిల్లా నుంచి తీసి కర్నూలులో కలిపిన కొత్తల్లో, ఎమ్మిగనూరులోని మా మగ్గాల వీధి మగవాళ్లకు రెండే పనులు. పగలంతా నేత, పొద్దు వాలితే చెడుగుడు. ఆ జట్టుకు మా నాయనే పెద్ద. జాతర పోటీలో ఏటా ఆదోని పత్తిమిల్లు జట్టు చేతిలో ఓడిపోయి వచ్చేవాళ్లు. వచ్చి, ఆ కోపమంతా ఇంట్లో ఆడవాళ్ల మీద చూపించేవాళ్లు.

ఆ ఏడు మిల్లు జట్టు నుంచి కబురొచ్చింది. పేరుమోసిన తమ ఆటగాణ్ణి మాకిస్తారట. బదులుగా మా జట్టులో అప్పుడప్పుడే మీసాలొస్తున్న ఇద్దరు కుర్రాళ్లను పంపాలి. వాళ్లకు ఆ మిల్లులోనే పని. పెద్ద ఆటగాణ్ణి పోషించడం మా వీధికి తలకు మించిన భారమే, అయినా నాయన ఉబ్బిపోయాడు. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ ఇద్దరిలో ఒకడు మా అన్న. అమ్మ పోయాక నాకు జడ వేసింది వాడే. వాడు పోతే నాకెవరున్నారని ఏడిస్తే, "మగపిల్లోడన్నాక పోతాడు, ఊరుకో" అన్నాడు నాయన.

మాట ఖాయం చేసుకోవడానికి ఆ ఆటగాడు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఆ భుజాలకు మా తలుపు చాలలేదు. చూడ్డానికి వీధంతా ఎగబడితే, నాయనను కన్న మా జేజి అందర్నీ బయటే ఆపి, ఆయన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని పెట్టింది. బజ్జీలకు నూనె కాగలేదంటూ పొయ్యి ఊదే గొట్టం ఆయన చేతికిచ్చింది.

"ఇంటికొచ్చినోనికి పని సెప్తాండానని అనుకోవద్దు నాయనా. నాకు దమ్ము సాలదు, రోంత ఊదు."

ఆయన నవ్వి ఊదాడు. రెండోసారికే దగ్గు తెర పట్టుకుంది. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఏళ్ల తరబడి మిల్లులో మింగిన పత్తి దుమ్ము అది. జేజి తమ్ముడూ అలాంటి మిల్లులోనే పనిచేసి మంచం పట్టాడు, అందుకే ఆమె అనుమానపడి గొట్టం చేతికిచ్చి చూసింది. కూత నిలపలేనివాడు చెడుగుడు ఏం ఆడతాడు? నాయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

"పొగ," అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

"ఔ నాయనా, కట్టె పచ్చిది. ఎండినాదో లేదో సూసుకోలేదు," అని జేజి నీళ్ల చెంబు అందించింది.

ఆయన నిదానంగా తిన్నాడు. చేయి కడుక్కుని, నాయన భుజం మీద చేయి వేశాడు.

"పిల్లోళ్లను ఆ దుమ్ములోకి పంపొద్దప్పా. నేను కావాలనుకున్నారు, నాకు అంతే సాలు."

బస్సు వచ్చేదాకా మా అన్నకు పట్టు విడిపించుకునే కిటుకులు నేర్పి వెళ్లాడు. ఆ జాతరలోనూ మావాళ్లు ఓడిపోయారు. అన్న మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొచ్చాడు, నాకు అదే పండగ.

మా పొయ్యిలో ఆ రోజు మండింది పత్తికట్టె, ఎండాకాలమంతా మిద్దె మీద ఎండినది. జేజికి తెలుసు, నాయనకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇప్పుడు నేనూ జేజినయ్యాను. ఎవరి లోటైనా నా కళ్లముందు బయటపడితే, కట్టె పచ్చిదనే అబద్ధం నా నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.